దియత్ నుంచి బీమా దాకా: గాయానికి పరిహారం, మాటల చరిత్ర

హైదరాబాదు నుంచి మచిలీపట్నం వైపు పోయే పెద్ద బాట మీద, నార్కెట్‌పల్లి దాటిన తరువాత, నకిరేకల్‌కు ముందు కట్టంగూరు వస్తుంది. గోల్కొండ సుల్తానుల కాలంలో రాజధానికీ రేవు పట్టణానికీ నడుమ సరుకు ఈ దిక్కుగానే సాగింది. తరువాత ఆ బాట 9వ నంబరు జాతీయ రహదారి అయింది. 2010లో దేశమంతటా రహదారుల నంబర్లు మార్చినప్పుడు 65వ నంబరు అయింది. బాట వెడల్పైన కొద్దీ వాహనాల వేగం పెరిగింది. వేగంతో పాటు ప్రమాదమూ పెరిగింది. రహదారి పక్క ఊళ్లలో కాలో చెయ్యో పోగొట్టుకున్నవారు, ఇంటి పెద్దదిక్కును పోగొట్టుకున్నవారు లేకపోలేదు.

అటువంటి కుటుంబానికి ఆసుపత్రి తరువాత ఎదురయ్యేది మాటల అడవి. క్లెయిమ్, థర్డ్ పార్టీ, నెగ్లిజెన్స్, డిసేబిలిటీ, మల్టిప్లయర్, అవార్డు అనే మాటలు అర్థం కాక ఎందరో తమ హక్కును సగానికి వదులుకుంటారు, లేదా గడువు దాటబెట్టుకుంటారు. ఈ మాటలు కొత్తవే కాని, వాటి వెనుక ఉన్న ప్రశ్నలు కొత్తవి కావు. గాయానికి ఎవరు చెల్లించాలి? తప్పు రుజువు కావాలా? ఎంత చెల్లించాలి? ఆ పైకం ఎవరికి చెందుతుంది? ఈ నాలుగు ప్రశ్నలనూ ముస్లిం ధర్మవేత్తలు వెయ్యేళ్లకు పూర్వమే నిశితంగా చర్చించారు. ఆ చర్చను తెలుసుకొన్నవారికి నేటి ట్రిబ్యునల్ భాష అంత పరాయిదిగా తోచదు.

పాత మాటలు, కొత్త మాటలు

తెలంగాణ పల్లెల్లో దావా, వకీలు, ముద్దాయి, జామీను, రాజీనామా, హర్జానా అనే మాటలు చదువురానివారికీ తెలుసు. ఇవన్నీ అరబ్బీ, ఫార్సీ మూలాల నుంచి వచ్చినవి. అసఫ్‌జాహీ పాలనలో 19వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో ఫార్సీ స్థానంలో ఉర్దూ కచేరీ భాష అయింది. 1917లో ఏర్పడిన దారుత్తర్జుమా, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం న్యాయశాస్త్ర బోధనను సైతం ఉర్దూలోకి తెచ్చాయి. 1948 తరువాత ఆ వ్యవస్థ మారింది, కచేరీకి ఇంగ్లీషు వచ్చింది. అందువల్ల ఒక తరం వారికి తెలిసిన మాట ఒకటి, కాగితం మీద ఉన్న మాట మరొకటి అయింది. క్లెయిమ్ అంటే దావాయే. కాంపెన్సేషన్ అంటే హర్జానా, ముఆవజా. కాంప్రమైజ్ అంటే రాజీ. ఇన్సూరెన్స్‌కు తెలుగువారు నేటికీ వాడే బీమా అనే మాట ఫార్సీ నుంచి వచ్చినదే. ఇంత మాత్రం తెలిసినా సగం భయం తొలగిపోతుంది.

ఎవరు చెల్లించాలి?

పొరపాటున ప్రాణం తీసినవాడు హతుని కుటుంబానికి పరిహారం చెల్లించాలని దివ్య ఖుర్‌ఆన్ నాలుగవ సూరా 92వ ఆయత్ విధించింది. కుటుంబం దానిని దానంగా వదులుకోవచ్చునని కూడా అక్కడే చెప్పింది. ఈ పరిహారమే దియత్. దీని పరిమాణం 100 ఒంటెలు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో దానిని నాణేలలో 1,000 దీనార్లుగా లెక్కకట్టారు.

పొరపాటు చేసిన ఒక్క మనిషి ఇంత పైకం ఎక్కడి నుంచి తేగలడు? అందుకే ఈ భారాన్ని అతని ఆఖిలా మీద, అంటే బంధువర్గం మీద పరిచారు. క్రీ.శ. 622లో దైవప్రవక్త (స) మదీనాకు వలస వచ్చిన తరువాత వ్రాయించిన ఒప్పంద పత్రంలో, ఏ తెగ తన పరిహార భారాన్ని తానే ఉమ్మడిగా మోయాలన్న నియమం ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) సైనికుల పేర్లను దీవాన్‌లో నమోదు చేయించి జీతాలు ఏర్పాటు చేశాక, దీవాన్‌లో ఒక పట్టికలో ఉన్నవారే ఒకరికొకరు ఆఖిలా అయ్యారని హనఫీ ధర్మవేత్తలు చెబుతారు. పైకం మూడేళ్లలో వాయిదాలుగా చెల్లించేవారు. ఉద్దేశపూర్వకంగా చేసిన నేరానికి మాత్రం ఆఖిలా పూచీ లేదు.

నేటి మోటారు చట్టంలో ఆఖిలా స్థానంలో బీమా కంపెనీ నిలిచింది. వాహన యజమాని మొదటి పక్షం, కంపెనీ రెండవ పక్షం, బాట మీద గాయపడినవాడు మూడవ పక్షం. థర్డ్ పార్టీ అంటే ఇంతే. 1939 మోటారు వాహనాల చట్టం మూడవ పక్షానికి బీమాను తప్పనిసరి చేసింది. యజమాని పేదవాడైనంత మాత్రాన గాయపడినవాడు ఖాళీ చేతులతో తిరిగిపోరాదన్నదే దాని ఉద్దేశం. ఆఖిలా ఏర్పాటు ఉద్దేశమూ అదే.

అయితే ఈ రెంటి నడుమ ఒక శూన్యం ఉంది. ఈస్టిండియా కంపెనీ 1790ల దశాబ్దిలో తన ఇలాకాలో దియత్‌ను క్రమంగా తొలగించి దాని స్థానంలో జైలుశిక్షను పెట్టింది. నేరస్థునికి శిక్ష పడింది కాని, బాధితుని కుటుంబానికి పైకం దక్కే దారి మూసుకుపోయింది. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టంతో మరణించినవారి భార్యాబిడ్డలకూ తల్లిదండ్రులకూ సివిలు దావా వేసే హక్కు ఏర్పడింది.

తప్పు రుజువు కావాలా?

నెగ్లిజెన్స్ అంటే నిర్లక్ష్యం. డ్రైవరు చూపవలసిన జాగ్రత్త చూపలేదని గాయపడినవాడు రుజువు చేయాలన్నది ఇంగ్లీషు న్యాయం నుంచి వచ్చిన సూత్రం. హనఫీ ఫిఖ్ దీనిని వేరుగా విభజించింది. తన చేత్తోనే నేరుగా హాని చేసినవాడు ముబాషిర్. అతనికి ఉద్దేశం లేకపోయినా పూచీ తప్పదు. హానికి కారణం మాత్రమే అయినవాడు ముతసబ్బిబ్. అతడు హద్దు మీరితేనే పూచీ. 1869, 1876 నడుమ వెలువడిన ఉస్మానీ తుర్కీ న్యాయస్మృతి మజల్లా 92, 93 అధికరణాలలో ఈ భేదాన్ని పొందుపరచింది.

12వ శతాబ్దిలో మర్గీనానీ రచించి, నేటికీ మదర్సాలలో పాఠ్యంగా ఉన్న హిదాయాలో బాటల గురించి చక్కని చర్చ ఉంది. అందరి బాట మీద నడిచే హక్కు ప్రతివానికీ ఉంది, కాని ఇతరులకు హాని కలగరాదన్న షరతు మీదనే. స్వారీ చేసేవాడు తన జంతువు తొక్కిన గాయానికి బాధ్యుడు. నడుస్తున్న జంతువు వెనుక కాలితో తన్నితే బాధ్యుడు కాడు, ఎందుకంటే దానిని ఆపడం అతని వశంలో లేదు. కాని అతడు జంతువును బాట మధ్య నిలిపి ఉంచితే ఆ తన్నుకు కూడా అతడే బాధ్యుడు. బాట నడవడానికే గాని నిలపడానికి కాదు. రాత్రివేళ దీపాలు లేకుండా రహదారి మీద నిలిపిన లారీ విషయంలో నేటి ట్రిబ్యునళ్లు విచారించేదీ ఈ హద్దు మీరడాన్నే.

ఇద్దరు రౌతులు ఢీకొని ఇద్దరూ మరణిస్తే ఎలా? ఒక్కొక్కరి ఆఖిలా రెండవవానికి పూర్తి దియత్ ఇవ్వాలని హనఫీలు అన్నారు. ఇమామ్ షాఫిఈ సగమే అన్నారు, ఎందుకంటే ప్రతివాడూ తన మరణంలో తానూ సగం భాగస్వామి. నేటి కచేరీలో కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్ అనే మాటకు అర్థం ఈ రెండవ అభిప్రాయానికి దగ్గరిది. గాయపడినవాని తప్పు ఎంత పాలు ఉంటే పరిహారంలో అంత పాలు కోత పడుతుంది. అందుచేత ప్రథమ సమాచార నివేదికలోనూ పంచనామాలోనూ ఏమి వ్రాశారో కుటుంబం చదివించుకోవడం అవసరం.

భారత చట్టం కూడా క్రమంగా తప్పు రుజువు అక్కరలేని పూచీ వైపు నడిచింది. 1956 సవరణ ప్రత్యేక ట్రిబ్యునళ్లకు దారి వేసింది. 1982 సవరణ తప్పుతో నిమిత్తం లేకుండా మరణానికి 15,000 రూపాయలు, శాశ్వత వైకల్యానికి 7,500 రూపాయలు నిర్ణయించింది. దీనికే నో ఫాల్ట్ అని పేరు. 1988 చట్టం, దాని సవరణలు ఆ మొత్తాలను పెంచాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన 164వ సెక్షను ప్రకారం మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు తప్పు రుజువు లేకుండానే లభిస్తాయి. గుద్ది పారిపోయిన వాహనం ఆచూకీ తెలియనప్పుడు మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు నిర్ణయమయ్యాయి. ఇంతకన్న ఎక్కువ నష్టం జరిగిందనుకొన్నవారు 166వ సెక్షను కింద తప్పును రుజువు చేసి పూర్తి పరిహారం కోరాలి.

అవయవం విలువా, సంపాదన విలువా?

దియత్ అవయవాన్ని అవయవంగా చూసింది. రెండు కళ్లకు పూర్తి దియత్, ఒక కంటికి సగం, ఒక వేలికి పది ఒంటెలు. ఈ నిర్ణీత భాగానికి అర్ష్ అని పేరు. బొటనవేలికీ చిటికెనవేలికీ భేదం లేదు. హజ్రత్ ఉమర్ (రజి) మొదట వేళ్లకు వేర్వేరు లెక్కలు కట్టి, దైవప్రవక్త (స) అమ్ర్ బిన్ హజ్మ్‌కు వ్రాయించిన లేఖ సంగతి తెలియగానే దానికే మళ్లారని ఉల్లేఖనాలున్నాయి. అర్ష్ నిర్ణయం కాని గాయాలకు నిపుణుల అంచనా మీద తీర్పు చెప్పేవారు. దానిని హుకూమతె అద్ల్ అన్నారు.

నేటి చట్టం సంపాదనను చూస్తుంది. 1923 కార్మికుల పరిహార చట్టం పట్టికలో ఒక కన్ను పోతే 40 శాతం, బొటనవేలు పోతే 30 శాతం సంపాదన శక్తి నష్టం. మోటారు కేసులలో మరో మెట్టు ఉంది. వైద్య మండలి ఇచ్చే వైకల్య శాతం ఒకటి, ఆ వైకల్యం వల్ల పోయే సంపాదన శాతం మరొకటి. ఈ రెండూ ఒకటి కావని సుప్రీంకోర్టు 2010లో వివరించింది. ఎడమ చెయ్యి పోయిన వడ్రంగి సంపాదన దాదాపు పూర్తిగా పోవచ్చు. అదే చెయ్యి పోయిన గుమాస్తా ఉద్యోగం నిలవవచ్చు. కాబట్టి గాయపడినవాడు చేసే పని ఏమిటో సాక్ష్యంతో చెప్పుకోకపోతే వైద్యపత్రం ఒక్కటే చాలదు.

మల్టిప్లయర్ అంటే వయసును బట్టి హెచ్చవేసే అంకె. 2009లో సుప్రీంకోర్టు దీనికి పట్టిక స్థిరపరచింది. 36 నుంచి 40 ఏళ్ల వయసుకు ఆ అంకె 15. నెలకు 10,000 సంపాదించే 38 ఏళ్ల హమాలీకి 40 శాతం సంపాదన నష్టం జరిగిందనుకొందాం. ఏటి సంపాదన 1,20,000. 2017 తీర్పు ప్రకారం 40 ఏళ్ల లోపు స్వయం ఉపాధివారికి భావి పెరుగుదల కింద 40 శాతం కలిపితే 1,68,000. దానిలో 40 శాతం 67,200. పదిహేనుతో హెచ్చవేస్తే 10,08,000 రూపాయలు. వైద్య ఖర్చు, బాధకు పరిహారం దీనికి అదనం. ఈ లెక్క తెలియని కుటుంబం మధ్యవర్తి చెప్పిన లక్ష రూపాయలనే మహాభాగ్యమనుకొంటుంది.

సంపాదన లెక్కలో ధనికుని వేలు పేదవాని వేలికన్న ఖరీదవుతుంది. అర్ష్ లెక్కలో రెండూ సమానమే. కాని అర్ష్ లెక్కలో దర్జీ వేలూ జాగీర్దారు వేలూ ఒకటే కావడంతో దర్జీ బతుకుతెరువు నష్టం లెక్కలోకి రాదు. రెండు పద్ధతులలోనూ ఒక న్యాయం ఉంది, ఒక వెలితి ఉంది.

పైకం ఎవరిది?

భర్త దియత్‌లో భార్యకు భాగం లేదని హజ్రత్ ఉమర్ (రజి) మొదట భావించేవారు. అష్యమ్ అనే వ్యక్తి దియత్ నుంచి అతని భార్యకు వారసత్వం ఇవ్వవలసిందిగా దైవప్రవక్త (స) తనకు వ్రాయించారని జహ్హాక్ బిన్ సుఫ్యాన్ చెప్పగానే ఉమర్ (రజి) తన అభిప్రాయం మార్చుకొన్నారు. వితంతువును పక్కకు నెట్టే అలవాటు ఎంత పాతదో, దానికి సమాధానమూ అంత పాతదే. దియత్ మృతుని ఆస్తిగా ఎంచబడి వారసులందరికీ షరీఅత్ భాగాల చొప్పున పంచబడుతుంది.

ట్రిబ్యునల్ పద్ధతి దీనికి భిన్నం. డిపెండెంట్ అంటే మృతుని సంపాదన మీద బతికినవాడు. పరిహారంలో పెద్ద భాగం ఆ పోయిన ఆధారానికి బదులు. కనుక పిల్లలున్న వితంతువుకు ఎనిమిదవ వంతే దక్కాలన్న నియమం అక్కడ లేదు. ట్రిబ్యునల్ ఆమెకు ఎక్కువ భాగం నిర్ణయించవచ్చు, మైనర్ల వాటాను బ్యాంకులో డిపాజిట్ చేయించవచ్చు. అవార్డులో ఆమె పేర వ్రాసిన పైకం ఆమెదే. మరిదులూ బావలూ దానిని వారసత్వ లెక్కలో కలిపి చీల్చడానికి అవార్డు అనుమతించదు.

బీమా సొమ్ము గురించిన సందేహం

బీమా సొమ్ము పుచ్చుకోవచ్చునా అన్న శంకతో వెనుకాడేవారున్నారు. 1836లో మరణించిన డమాస్కస్ ధర్మవేత్త ఇబ్నె ఆబిదీన్ ఓడ వర్తకుల బీమాను సౌకరా అనే పేరుతో చర్చించి, అటువంటి పైకం పుచ్చుకోవడం వర్తకునికి తగదన్నారు. 1985లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ వాణిజ్య బీమాను నిషిద్ధమని, పరస్పర సహకార బీమా సమ్మతమని తీర్మానించింది. 1979లో సూడానులోనూ, 1984 చట్టంతో మలేషియాలోనూ తకాఫుల్ ఈ సహకార మార్గానే మొదలైంది.

ఈ చర్చ అంతా బీమా కొనుక్కొన్నవాని గురించి. గాయపడిన బాటసారి ఆ ఒప్పందంలో పక్షం కాడు. అతడు ప్రీమియం కట్టలేదు, పందెం ఒడ్డలేదు. అతనికి రావలసినది తనకు జరిగిన హానికి జమాన్, అంటే బదులు. దానిని బాధ్యుడు ఏ జేబులోంచి తీసి ఇస్తున్నాడన్నది వేరు ప్రశ్న. ఈ రెంటినీ కలగలిపి అనాథల హక్కును వదిలివేయడం దైవభీతి అనిపించుకోదు.

కాగితం మీద సంతకానికి ముందు

పే అండ్ రికవర్ అంటే, డ్రైవరుకు లైసెన్సు లేకపోవడం వంటి లోపం ఉన్నా కంపెనీ ముందుగా బాధితునికి చెల్లించి, తరువాత యజమాని వద్ద రాబట్టుకోవడం. 2004లో సుప్రీంకోర్టు దీనిని వివరించింది. కాని సరుకు వాహనంలో ఊరికే ఎక్కిన ప్రయాణికునికి కంపెనీ పూచీ లేదని 2002లోనే తీర్పు ఉంది. పత్తి ఏరడానికి, నాట్లకు ట్రాలీలలో పోయే కూలీలకు ఈ భేదం ప్రాణంతో సమానం.

దావాను ప్రమాదం జరిగిన చోటే వేయాలన్న నియమం లేదు. బాధితుడు నివసించే జిల్లాలోనూ వేయవచ్చు. హైదరాబాదులో గాయపడిన కట్టంగూరు మనిషి నల్లగొండలో దావా వేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి అమలైన సవరణ ఇందుకు ఆరు నెలల గడువు పెట్టింది. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ మీద అప్పీలు లేదు. సుల్హ్ మంచిదే, కాని ఇరుపక్షాలకూ లెక్క తెలిసినప్పుడే అది సుల్హ్ అవుతుంది. డిశ్చార్జి వోచరు మీద వేలిముద్ర వేయడమంటే ఆ మొత్తంతో హక్కు తీరిపోయిందని ఒప్పుకోవడం. కనుక అందులోని అంకెను చదివించుకోకుండా ఎవరూ వేలు ముందుకు చాపరాదు.