ఇంటికి కప్పిన కంబళి

వేసవిలో ఐసు అమ్మువాడు గడ్డను రంపపు పొట్టులో ఉంచి పైన గోనెపట్టా కప్పును. చలికాలమున రైతు కంబళి కప్పుకొని చేనికి కావలి పోవును. గోనెపట్టా చల్లదనమును కాపాడినది; కంబళి వెచ్చదనమును కాపాడినది. అట్లయిన గోనెపట్టాకు చలువగుణము, కంబళికి వేడిగుణము కలవా? లేవు. రెండును చేయు పని యొక్కటే. ఉష్ణము హెచ్చు ఉష్ణోగ్రత నుండి తక్కువ ఉష్ణోగ్రతకు పోవుచుండగా అవి దారిలో అడ్డుపడి ఆలస్యము చేయును. ఇట్టి పదార్థములను ఉష్ణబంధకములందురు.

శీతల దేశములలో ఈ ఆలస్యమునకు విలువ ఎక్కువ. కెనడాలోనో, జర్మనీలోనో ఉద్యోగము విరమించి, దాచుకొన్న సొమ్ముతో తన యిల్లు తానే కట్టుకొనదలచిన వాని సంగతి ఆలోచింపుడు. అతని రాబడి ఇక పెరుగదు; ఇంధనము ధర ఎంతకు పోవునో తెలియదు. ప్రతి శీతకాలమున కొలిమికి సొమ్ము పోయుటయా, ఒక్కసారి గోడలో సొమ్ము పెట్టి ఊరకుండుటయా? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము దొరకుటకు దాదాపు రెండు శతాబ్దములు పట్టినది.

రమ్‌ఫర్డ్ ప్రయోగములు

అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1753లో జన్మించిన బెంజమిన్ థామ్సన్, బవేరియా ప్రభువు కొలువులో చేరి రమ్‌ఫర్డ్ ప్రభువను బిరుదు పొందెను. సైనికుల దుస్తులకు ఏ బట్ట మేలైనదో తెలిసికొనుటకు ఆయన ఒక సులువైన ప్రయోగము చేసెను. ఉష్ణమాపకము చుట్టును మరియొక గాజుబుడ్డిని అమర్చి, నడిమి ఖాళీలో పట్టు, ఉన్ని, దూది, బొచ్చు, ఈకలు ఒకదాని తరువాత ఒకటి నింపెను. దానిని మరుగు నీటిలో వేడిచేసి, కరగు మంచులో ముంచి, ఉష్ణోగ్రత దిగుటకు పట్టిన కాలమును లెక్కించెను.

బట్టకంటె బట్ట సందులలో చిక్కుకొన్న గాలియే వేడిని ఎక్కువగా ఆపుచున్నదని ఆయన గ్రహించెను. వదులుగా ఉన్న గాలి వేడెక్కి పైకి లేచి, సంవహనము ద్వారా ఉష్ణమును మోసికొనిపోవును. నారల నడుమ బందీయైన గాలి కదలలేదు గనుక ఉష్ణమును మోయలేదు. 1792లో రాయల్ సొసైటీ ఆయనకు కాప్లే పతకము నిచ్చెను. గాలికి ఉష్ణవహనశక్తి బొత్తిగా లేదని ఆయన తలచుట మాత్రము సరికాదు. అది మిక్కిలి తక్కువ, అంతియే. 1822లో ఫ్రెంచి గణితవేత్త ఫూరియే తన ఉష్ణసిద్ధాంతగ్రంథమును వెలువరించిన పిమ్మట, గోడ గుండా ఎంత ఉష్ణము పోవునో లెక్కకట్టుట సాధ్యమైనది.

మంచు వ్యాపారము, మంచులో నావ

శాస్త్రజ్ఞుల లెక్కలకన్న ముందుగా వర్తకులే బంధకములను వాడుకొనిరి. బోస్టన్ వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ 1833లో 'టస్కనీ' అను ఓడలో సుమారు 180 టన్నుల మంచును కలకత్తాకు పంపెను. నాలుగు నెలల ప్రయాణము; రెండుమార్లు భూమధ్యరేఖను దాటవలెను. అయినను సుమారు 100 టన్నులు కరగక చేరినది. అట్టి మంచును నిలువచేయుటకు మద్రాసు సముద్రతీరమున 1842లో కట్టిన ఐస్ హౌస్ భవనము వివేకానందర్ ఇల్లమను పేరున నేటికిని నిలిచియున్నది.

చలిని ఆపుటలో అంతటి ఘనకార్యము నార్వే శాస్త్రజ్ఞుడు నాన్సెన్‌ది. 1893లో ఆయన ఉత్తరధ్రువసముద్రమునకు తీసికొనిపోయిన 'ఫ్రాం' అను నావను కోలిన్ ఆర్చర్ నిర్మించెను. దాని గదుల గోడలలో ఫెల్టు, కార్కు, పలకలు పొరలుపొరలుగా అమర్చబడెను. కప్పులో రెయిన్‌డీరు వెండ్రుకలు కూరిరి. పైకిటికీకి మూడు అద్దములుండెను. దీపములకు గాలిమర విద్యుత్తునిచ్చెను. అందులోని మనుష్యులు చలికాలములను సుఖముగా గడిపిరి. మందమైన బంధకము, పెక్కు అద్దములు, చొరని చలిగాలి అను మూడు సూత్రములును అందులో కలవు. కాని నేలపై ఇండ్లు కట్టువారు ఆ పాఠమును చాలకాలము పట్టించుకొనలేదు.

గడ్డిమోపుల ఇండ్లు

అదే కాలమున అమెరికాలోని నెబ్రాస్కా ఇసుకకొండల ప్రాంతమున వలసరైతులకు వేరొక చిక్కు వచ్చెను. అచట చెట్లు లేవు, కలప లేదు. గడ్డి మాత్రము సమృద్ధి. గడ్డిని గట్టి మోపులుగా బిగించు యంత్రము వచ్చినది. రైతులు ఆ మోపులనే ఇటుకలవలె పేర్చి, పైన పూత పూసి తమ ఇండ్లు తామే కట్టుకొనిరి. తాత్కాలికమని కట్టినవి వెచ్చగా ఉండుటచే వాటిలోనే స్థిరపడిరి. ఆర్థర్ అను ఊరిలో 1928లో గడ్డిమోపులతో కట్టిన చర్చి ఇప్పటికిని ఉన్నది. నేర్పరియైన మేస్త్రి లేకుండ, చేతికందు చవుక వస్తువుతో, సామాన్యుడు మంచి ఇల్లు కట్టుకొనవచ్చునని వారు నిరూపించిరి.

1973 నేర్పిన పాఠము

1930 ప్రాంతముల గాజునార చవుకగా తయారగుట మొదలైనది. అయినను నూనె, బొగ్గు అంతకంటె చవుకగా ఉన్నందున గోడలు పలుచగానే కట్టిరి. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు నూనె ఎగుమతులను నిలిపివేసినవి. పీపా ధర సుమారు 3 డాలర్ల నుండి కొద్ది నెలలలోనే 12 డాలర్లకు సమీపించెను. ఇల్లు వెచ్చగా ఉంచుకొనుట పింఛనుదార్లకు భారమైనది.

అప్పుడు రెండు మార్గములు కనబడెను. ఇంటికప్పుపై యంత్రములు పెట్టి సూర్యుని వేడిని పట్టి నిలువచేయుట ఒకటి. ఉన్న వేడిని పోనీయకుండుట రెండవది. 1975లో డెన్మార్కులోని లింగ్బీలో ప్రొఫెసర్ కొర్స్‌గార్డ్ బృందము రెండింటిని కలిపి ఒక ఇల్లు కట్టెను. 1976లో ఇలినాయ్ విశ్వవిద్యాలయమున వేన్ షిక్ ప్రభృతులు జంటగోడల నడుమ మందముగా బంధకము నింపిన ఇంటి నమూనాను సిద్ధపరచిరి.

కెనడాలోని సస్కాచవాన్ రాష్ట్రమున నిర్ణయాత్మకమైన పరీక్ష జరిగినది. అక్కడి చలి సున్నకు దిగువ 40 డిగ్రీల వరకు పోవును. సౌరగృహము కావలెనని ప్రభుత్వము కోరగా, హెరాల్డ్ ఓర్, రాబర్ట్ బెసెంట్ మొదలగువారి బృందము లెక్కవేసి చూచెను. శీతకాలపు పగళ్లు కురచ. అవసరము మిక్కుటముగా ఉన్ననాడే ఎండ స్వల్పము. కావున ముందు నష్టమును ఆపవలెనని వారు నిశ్చయించిరి. 1977లో రెజైనా నగరమున కట్టిన ఆ ఇంటి గోడలలో సుమారు 30 సెంటీమీటర్ల బంధకము, కప్పులో అంతకంటె హెచ్చు నింపిరి. గాలి చొరకుండ పాలిథీన్ పొరను అంతటను అతికిరి. బయటకు పోవు గాలిలోని వేడిని లోపలికి వచ్చు తాజాగాలికి అందించు సాధనమును అమర్చిరి. ఎంతో వ్యయముతో పెట్టిన సౌరయంత్రము మరమ్మతులకు లోనై కొన్నాళ్లకు తీసివేయబడెను. గోడలు మాత్రము ఎవరి పోషణయు లేకుండ తమ పని తాము చేయుచుండెను.

ఆ ఏడాదియే మసాచుసెట్స్‌లో యూజీన్ లెజర్ అను గృహనిర్మాత జంటగోడల ఇల్లు కట్టి, స్నానపు నీళ్లు కాచు మామూలు సాధనముతోనే దానిని వెచ్చగా ఉంచెను. విలియం షర్‌క్లిఫ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ఇట్టి ఇండ్లను గూర్చి వ్రాసి ప్రచారము చేసెను.

ఒక చిన్న లెక్క

విద్యార్థులు ఈ ఫలితమును స్వయముగా సరిచూచుకొనవచ్చును. ఇంటి గోడల వైశాల్యము 150 చదరపు మీటర్లు. లోపల 20 డిగ్రీలు, బయట సున్నకు దిగువ 20 డిగ్రీలు అనుకొనుడు. 23 సెంటీమీటర్ల ఇటుక గోడ గుండా రమారమి 12,000 వాట్ల ఉష్ణము పోవును. దాని బదులు 10 సెంటీమీటర్ల గాజునార ఉన్నచో నష్టము సుమారు 2,250 వాట్లు. 20 సెంటీమీటర్లున్నచో 1,160. 30 ఉన్నచో 780 వాట్లు మాత్రమే. ఊరక కూర్చున్న మనిషి దేహము సుమారు 100 వాట్ల వేడినిచ్చును. అనగా ఎనమండుగురు బంధువులు ఇంటికి వచ్చిన యెడల ఆ గోడల నష్టము తీరిపోవును!

ఈ అంకెలలో మరియొక నీతి కలదు. మొదటి 10 సెంటీమీటర్లకు కలిగిన లాభము తరువాతి వాటికి కలుగదు. ఎంత మందమువద్ద ఆపవలెనో ఇంధనము ధర, నివసింపబోవు సంవత్సరములు నిర్ణయించును. సస్కటూన్ నగరమున 1992లో తన స్వంత ఇల్లు కట్టుకొన్న ఇంజనీరు రాబ్ డ్యూమాంట్ రెజైనా ఇంటికంటెను మందమైన గోడలు పెట్టించెను. జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరమున 1991లో నాలుగు కుటుంబములకై కట్టిన వరుస ఇండ్లలో వుల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ తన కుటుంబముతో కాపురముండి కొలతలు తీసెను. చదరపు మీటరుకు సాలుకు 15 కిలోవాట్ గంటలకు మించి ఉష్ణము పట్టరాదను ప్రమాణము అట్టి అనుభవము నుండి పుట్టినదే.

పొరపాట్లు, ప్రమాదములు

తొందరపడిన చోట్ల హాని కూడ జరిగినది. 1973 తరువాత కెనడాలో పాత ఇండ్ల గోడలలోనికి యూరియా ఫార్మాల్డిహైడ్ నురుగును ఎక్కించిరి. అందుండి వెలువడు వాయువు ఆరోగ్యమునకు చెరుపు చేయునని 1980లో దానిని నిషేధించిరి. గాలి చొరని ఇంటిలో తాజాగాలికి దారి చూపనిచో వంటగది ఆవిరి గోడలలో నీరుగా మారి కలపను కుళ్లబెట్టును. 2017 జూన్ 14న లండనులోని గ్రెన్‌ఫెల్ భవనమునకు పైనుండి తొడిగిన మండు స్వభావముగల పలకలవలన, వాటి వెనుకనున్న బంధకమువలన మంటలు ప్రాకి 72 మంది మరణించిరి. వేడిని ఆపు గుణము ఒక్కటే చాలదు. నిప్పునకు, చెమ్మకు, ఊపిరికి పనికివచ్చునా అనియు పరీక్షింపవలెను.

వయసు మళ్లినవారికి ఈ చరిత్ర ముఖ్యమగుటకు కారణములు కలవు. ముదిమిలో దేహము చలిని తట్టుకొను శక్తిని కొంత కోల్పోవును. శీతకాలమున ఇంటిలో కనీసము 18 డిగ్రీలుండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2018లో సూచించెను. బంధకములో కదలు భాగములు లేవు. ఎనుబదియేండ్ల వృద్ధుడు మెకానిక్కును పిలువనక్కర లేదు. స్వయముగా కట్టుకొనువానికి ఇందు గొప్ప నేర్పు అక్కరలేదు, ఓర్పు కావలెను. సందులు వదలక నింపుటయే అసలు పని.

మన యింటి కప్పు

తెలుగుదేశమున ఉష్ణము ప్రవహించు దిశ వేరు, సూత్రము ఒక్కటే. మందముగా నేసిన పూరికప్పు గాలిని బంధించి ఎండను ఆపును. కాంక్రీటు కప్పు పగలంతయు వేడిని పీల్చి రాత్రి గదిలోనికి విడుచును. భారతప్రభుత్వపు 'ఎకో నివాస్ సంహిత' 2018లో నివాసగృహముల కప్పు గుండా పోవు ఉష్ణమునకు హద్దు పెట్టినది. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది.

రమ్‌ఫర్డ్ ప్రయోగమును ఏ పాఠశాలలోనైనను చేయవచ్చును. ఒకే రకపు చిన్న డబ్బాలు నాలుగు తీసికొని పెద్ద డబ్బాలలో ఉంచుడు. నడుమ ఒకదానిలో ఇసుక, ఒకదానిలో ఊక, ఒకదానిలో దూది నింపి, ఒకదానిని ఖాళీగా విడువుడు. అన్నింటిలో సమానముగా వేడినీరు పోసి, మూతలు బిగించి, అయిదేసి నిమిషములకు ఉష్ణోగ్రత వ్రాసి గీతలు గీయుడు. ఏ గీత నెమ్మదిగా దిగునో ఆ పదార్థమే మంచి కంబళి. మరునాడు వేడినీటికి బదులు ఐసు ముక్కలు వేసి చూచిన యెడల, రెండు దినములలోను గెలుచునది ఒకటేయని విద్యార్థులు తామే కనుగొందురు.