హుకుం చేసే బటన్, దరఖాస్తు పెట్టే బటన్

కంప్యూటర్ డబ్బాకు కంపెనీ ఇచ్చిన బటన్ పీకేసి, తమకు నచ్చిన స్విచ్ బిగించుకోవడం ఇప్పటి నౌజవాన్లకు ఒక షౌఖ్. రేకుకు రంధ్రం చేసి రెండు తీగలు కలిపితే పనైపోతుంది. కానీ ఒక జమానాలో ఇదే పని ప్రాణం తీసే ఖతరా. ఆ ఫరక్ ఎక్కడ వచ్చిందో మన పిల్లలకు తెలియాలి.

1981 ఆగస్టులో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను బజారులోకి తెచ్చింది. దాని స్విచ్ కుడి పక్కన, వెనకగా, ఎర్రగా పెద్దగా ఉండేది. గోడ నుంచి వచ్చే కరెంటు చేరేది వెనకున్న పవర్ సప్లైలోకి. స్విచ్ కూడా దానికే ఉండేది. టక్‌మని కిందికి నొక్కితే అంతా ఖతం. రాస్తున్న ఉత్తరం ఏమైందని అడగదు. బాద్షా హుకుం లాంటిది.

1984లో ఏటీ మోడల్ వచ్చింది. దాన్ని చూసి నకళ్లు తయారుచేసిన కంపెనీలు, చేయి వెనక్కి చాచే తక్లీఫ్ ఎందుకని, స్విచ్‌ను డబ్బా ముందుకు తెచ్చాయి. స్విచ్‌తోపాటు గోడ కరెంటు కూడా ముందుకొచ్చింది! లావుపాటి కేబుల్‌లో నాలుగు తీగలు. గోధుమ, నీలం రంగువి గోడ నుంచి కరెంటు తెచ్చేవి. నలుపు, తెలుపు దాన్ని తిరిగి సప్లైకి పంపేవి. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా, ప్లగ్గు గోడలో ఉన్నంతసేపూ మొదటి రెండింట్లో మన దేశపు 230 వోల్టులు ఉన్నట్టే. తీగలు తప్పు కలిపితే షార్టే.

విండోస్ 95 వాడినవాళ్లకు యాదుంటుంది. పని ముగిశాక, ఇక ఆఫ్ చేసుకోవచ్చని తెర మీద రాసి కంప్యూటర్ మన వేలి కోసం ఇంతెజార్ చేసేది. తనను తాను ఆపుకునే ఇఖ్తియార్ దానికి లేదు.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొత్త తరీఖా ప్రకటించింది. గోడ కరెంటు వెనకే ఆగిపోయింది. సప్లై నుంచి ఊదా రంగు తీగలో 5 వోల్టులు ఎప్పుడూ మదర్‌బోర్డుకు అందుతుంటాయి. ముందు బటన్ నొక్కితే బోర్డు మీది రెండు పిన్నులు క్షణంపాటు కలుస్తాయి. బోర్డు ఆ ఇశారా అందుకుని ఆకుపచ్చ తీగ ద్వారా సప్లైని లేపుతుంది. అంటే బటన్ ఇప్పుడు హుకుం చేయదు, దరఖాస్తు పెడుతుంది. ఫైసలా బోర్డుది. మెషీన్ మొండికేస్తే మాత్రం నాలుగు సెకన్లు నొక్కి పట్టుకోవాలి.

నేటి షౌఖ్ అంతా ఈ మార్పు ఇచ్చినదే. నొక్కితే కలిసి, వదిలితే విడిపోయే ఏ స్విచ్ అయినా చాలు. ఇంటి కాలింగ్ బెల్ స్విచ్ కొత్తది కొన్నా పనిచేస్తుంది. ఏ తీగ ఏ పిన్నుకైనా ఫరక్ లేదు. లైటు (ఎల్‌ఈడీ) తీగలకు మాత్రం ప్లస్ మైనస్ చూడాలి. వేసింది వేసినట్టే నిలిచిపోయే లైటు స్విచ్ పనికిరాదు. వేలు తీయకుండా నొక్కి పట్టారనుకుని బోర్డు కాసేపట్లో ఆగిపోతుంది.

మొన్న మా భాంజా కబాడీ దుకాణం నుంచి పాత ఏటీ డబ్బా తెచ్చాడు. దానికి బెల్ స్విచ్ పెట్టాలని వాడి తమన్నా. ముందు పలక ఊడదీస్తే అదే లావు కేబుల్.

"మామూ, ఈ నాలుగింట్లో ఏ రెండు కలపాలి?"

"ఏ రెండూ కలపొద్దు బేటా. సప్లైతో సహా బయటికి తీసెయ్."

తీయించాను. రంధ్రం చేసేముందు డబ్బా ఖాళీ చేయమని కూడా చెప్పాను. ఇనుప రజను బోర్డు మీద పడితే కొత్త బోర్డు కూడా కబాడీకే. ఏటీఎక్స్‌లోనూ ఆఫ్ అంటే పూర్తిగా ఆఫ్ కాదు. బటన్ మీద గీత దూరిన తెగిన వృత్తం కనిపిస్తుందే, మొదట దాని మానీ "సిద్ధంగా నిద్రపోతోంది" అని. ఊదా తీగ మేలుకునే ఉంటుంది. చేయి పెట్టేముందు ప్లగ్గు పీకాల్సిందే.

ఇప్పుడు కొత్త బోర్డు కోసం వెనక రేకు కోసే పని నడుస్తోంది. బెల్ స్విచ్ ముందే బిగించేశాడు. ఇంటికొచ్చిన ప్రతి పిల్లా దాన్ని నొక్కి, మోగలేదేమని అడుగుతోంది.