పొగ విడువని గోడలు

పాత ఇల్లు కొన్నవారికి పాత యజమాని అలవాట్లు కూడా కొంత సంక్రమిస్తాయి. వాటిలో మిక్కిలి మొండిది పొగాకు కంపు. నెల్లాళ్ళు తలుపులు బార్లా తెరిచినా, పైన కొత్త రంగు పూసినా, ముసురు పట్టిన రోజున మళ్ళీ తలెత్తుతుంది.

పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు గృహస్థులు ఈ బెడద ఎరిగినవారే. 1864లో రాబర్ట్ కెర్ అనే వాస్తుశిల్పి ‘ది జెంటిల్మన్స్ హౌస్’ అనే గ్రంథం వెలువరించాడు. సొంత ఇంట్లో చుట్ట కాల్చుకోవడానికి పెద్దమనుషులు పడే దీనావస్థ వల్లనే దానికంటూ వేరే గది కట్టే ఆచారం పుట్టిందని అందులో చెప్పాడు. ఆ గదికి వేరే కోటు, వేరే టోపీ! వాసన బట్టలకూ జుట్టుకూ పట్టి స్త్రీలు కూర్చునే హాలులోకి రాకూడదట. విక్టోరియా రాణికి పొగాకంటే గిట్టదు. 1901 జనవరిలో ఆమె కన్నుమూసిన తరువాతగాని ఆ రాజభవనాలలో చుట్టకు స్వేచ్ఛ దొరకలేదు. కొడుకు ఏడవ ఎడ్వర్డు చుట్ట లేనిదే కనిపించేవాడు కాదు.

ఆ కట్టుబాటును చెరిపింది సిగరెట్టు. 1881లో జేమ్స్ బాన్సాక్ సిగరెట్లు చుట్టే యంత్రానికి పేటెంటు పొందాడు. ధర పడిపోయింది. చుట్టకు తీరిక కావాలి, సిగరెట్టుకు అక్కరలేదు. అది వంటింట్లోకీ, పడకగదిలోకీ, పసిపిల్లల ఊయల పక్కకూ వచ్చేసింది. 1965 నాటికి అమెరికాలో పెద్దవారిలో నూటికి 42 మంది పొగతాగేవారు. ఆ కాలపు ఇళ్ళు ఎన్నో నేటికీ చేతులు మారుతున్నాయి. అక్కడ స్థిరపడిన మనవాళ్ళు కొనేవాటిలోనూ అవి ఉంటాయి.

నికోటిన్ గాలిలో కలిసి పోయేది కాదు. జిప్సం పలకల గోడలలో, తివాచీలలో ఇంకి, నెలల తరబడి మెల్లగా బయటికి వస్తూంటుంది. దీనికి ‘థర్డ్‌హ్యాండ్ స్మోక్’ అన్న పేరు 2009లో ప్రచారానికి వచ్చింది. ఆ నికోటిన్ ఇంటి గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిసి క్యాన్సరు కారకాలను పుట్టిస్తుందని 2010లో బర్కిలీ శాస్త్రజ్ఞులు చూపారు. మరుసటి ఏడు వెలువడిన శాన్ డియేగో పరిశోధన ఇంకా కలవరపెడుతుంది. పొగతాగేవారు ఖాళీ చేసిన ఇళ్ళు రెండు నెలలు తాళం పెట్టి ఉన్నాయి. శుభ్రం చేశారు, కొన్నిటికి రంగులు, కొత్త తివాచీలు కూడా వేశారు. అయినా, తరువాత కాపురానికి వచ్చిన, పొగతాగని వారి వేళ్ళ మీద నికోటిన్ కనబడింది. నేల మీద పాకే పసివాడి సంగతి ఊహించుకోవలసిందే.

తివాచీలు పెరికి పారవేసి, గోడలు కడిగి, ఆపైన షెల్లాక్ పూత పూస్తారు. షెల్లాక్ అంటే మరేదో కాదు, మన మోదుగ, రేగు కొమ్మల మీద పురుగులు స్రవించే లక్కే, ఆల్కహాలులో కరిగించినది. వారణావతంలో ధర్మరాజు లక్క వాసన పట్టి ఇంటి గుట్టు తెలుసుకున్నాడు. ఇక్కడ లక్క చేత ఇంటి వాసనను మూయిస్తున్నారు. అయితే ఆ పూత గోడలకే. గాలి గొట్టాల లోపలా, పైకప్పు మీది దూదిలోనూ పట్టిన పొగను అది ఆపదు. వాటిని మార్చే ఖర్చు బేరం కుదరకముందే లెక్కలో వేసుకోవాలి. చూడబోయిన ఇంట్లో పట్టపగలు గదిగదికీ పరిమళపు కొవ్వొత్తులు వెలుగుతూంటే, ముసురు పట్టిన రోజున మరొకసారి వెళ్ళి చూడడం మంచిది.