ప్లేటు అంచున పసుపు

ఈమధ్య కంచన్‌బాగ్‌లో ఒక పెళ్లిలో బిర్యానీ తిన్నాక చూస్తే ప్లేటు అంచున నారింజ మరక కనిపించింది. చేతిరుమాలుతో తుడిచి, ఇంటికొచ్చి సబ్బు రుద్దాను. మరక ఎర్రబడింది. దిష్టి తీయడానికి పసుపు నీళ్లలో సున్నం వేస్తే ఎర్రబడేదీ ఇందుకే: పసుపులోని కర్కుమిన్‌కు క్షారం తగిలితే రంగు మారుతుంది. అంటే ఆ బిర్యానీలో పసుపు ఉంది. పసుపు ఒక్కటే ఉందని మాత్రం చెప్పలేను. పక్కన కృత్రిమ రంగు కలిసి ఉన్నా సబ్బు పట్టివ్వదు.

ఈ అనుమానం ఊరికే రాలేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు హైదరాబాద్ పిల్లలు తినే రంగు పదార్థాల లెక్క తీసి 2004లో ప్రచురించారు. కొందరిలో టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో, ఎరిత్రోసిన్ రోజువారీ హద్దు దాటాయని తేలింది. మన నిబంధనలు 8 కృత్రిమ రంగులనే, అదీ పేర్కొన్న పదార్థాల్లోనే ఒప్పుకుంటాయి. బిర్యానీ ఆ జాబితాలో లేదు.

మరి పసుపు వేస్తే ఆరోగ్యానికి మేలేనా? ఇదే సంస్థ 1992లో ప్రచురించిన అధ్యయనం ఒకటి నాకు బాగా నచ్చుతుంది. పొగతాగే అలవాటున్న 16 మందికి రోజుకు 1.5 గ్రాముల పసుపు 30 రోజులు ఇచ్చారు. జన్యుపదార్థంలో మార్పులు తెచ్చే రసాయనాలు వాళ్ల మూత్రంలో తగ్గాయి. పొగతాగని 6 మందిలో తేడా రాలేదు. ఆశ కలిగించే ఫలితమే. అయితే అందరూ కలిపి 22 మందే, పైగా కొలిచింది మూత్రాన్ని, జబ్బును కాదు. దీన్ని పట్టుకుని పసుపు క్యాన్సర్‌ను ఆపుతుందనడం తప్పు. 1.5 గ్రాములంటే సుమారు అర టీస్పూను. ఒకరి ప్లేటులో రంగు కోసం పడేది చిటికెడే. పైగా కర్కుమిన్ ఒంటికి సరిగా పట్టదు. మిరియాల్లోని పైపెరిన్ తోడైతే రక్తంలో బాగా పెరిగిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు గానీ, వాళ్లు ఇచ్చింది ఏకంగా 2 గ్రాముల శుద్ధ కర్కుమిన్.

భద్రతకొస్తే, అంతర్జాతీయ నిపుణుల సంఘం పెట్టిన హద్దు కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాముల కర్కుమిన్. 20 కిలోల పిల్లకు 60 మిల్లీగ్రాములు. పొడిలో కర్కుమిన్ 3 శాతం అనుకుంటే అది 2 గ్రాముల పసుపు. కూరలో, బిర్యానీలో అంత పడటం అరుదు. క్యాప్సూళ్ల సంగతి వేరు. అమెరికాలో పసుపు సప్లిమెంట్లు వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి.

కాబట్టి పసుపును మందుగా కాదు, కృత్రిమ రంగుకు బదులుగా అడుగుతాను. ఆ పసుపు కూడా కల్తీ లేనిదై ఉండాలి. బంగ్లాదేశ్‌లో మెరుపు కోసం సీసపు క్రోమేట్ కలిపినట్టు 2019లో బయటపడింది.

వంటవాళ్ల కష్టం నాకు తెలుసు. పసుపు వెలుతురుకు వెలిసిపోతుంది, నీళ్లలో కలిపితే అడుగున పేరుకుంటుంది. నెయ్యిలో అయితే రంగు బాగా దిగుతుంది. గోరువెచ్చని నెయ్యిలో చిటికెడు వేసి, దమ్ పెట్టేముందు పైవరస మెతుకుల మీద అక్కడక్కడా చల్లితే చాలు.