చిల్డ్రెన్ - ఎయ్రెన్

ఆంగ్లవ్యాకరణములు బహువచనమునకు సకారమును సూత్రముగా జెప్పి, తక్కిన రూపములను అపవాదములని యొకచోట గుప్పవోయుచున్నవి. పూర్వరూపములు పరిశీలించినచో నవి లుప్తసూత్రముల శేషములని తేటపడును.

ఇంగ్లండునకు అచ్చుపనిని దెచ్చిన విలియం కాక్స్టన్ 1490లో ముద్రించిన 'ఎనైడోస్' పీఠికలో నొక వృత్తాంతము కలదు. జీలండునకు బోవు వర్తకులు థేమ్సు నదిలో గాలి చాలక నిలిచి, ఒడ్డునకు దిగిరి. వారిలో నొకడు ఒక గృహిణిని గ్రుడ్లకై 'ఎగ్గెస్' అని యడుగగా, ఆమె తనకు ఫ్రెంచి రాదనెను. తనకును రాదుగదా యని యాతడు కోపించెను! వేఱొకడు 'ఎయ్రెన్' అన్నంతనే యామెకు బోధపడెను.

'ఎగ్' స్కాండినేవియనులవలన వచ్చినది, 'ఎయ్రెన్' దేశీయము. ప్రాచీనాంగ్లమున గ్రుడ్డు 'ఆయ్', గ్రుడ్లు 'ఆయ్రు'. శిశువు 'చిల్ద్', శిశువులు 'చిల్ద్రు'. అనగా రేఫమే బహువచనచిహ్నము. కాలక్రమమున దాని యర్థము మఱుగుపడగా, 'ఆక్సెన్' మున్నగువానిలోని నకారము దానిపై వచ్చి చేరెను. కావున బాలురచే మనము వికృతరూపమని వల్లెవేయించు 'చిల్డ్రెన్' నిజమునకు రెండు బహువచనప్రత్యయములు గలది. 'ఎయ్రెన్' దాని తోబుట్టువు.

'ఫీట్', 'మైస్' అనువాని స్వరభేదమునకు గారణము వేఱు. అది యెన్నడో లోపించిన ఇకారముయొక్క ప్రభావము.

ఇక సకారము, ఒక తెగ పుంలింగశబ్దముల 'అస్' ప్రత్యయమునుండి పుట్టి, ఉత్తరమునుండి దక్షిణమునకు వ్యాపించెను. దక్షిణమున నకారము చాలకాలము దాని నెదిర్చినది. ఆ పోరులో 'ఎయ్రెన్' నశించెను. ఇంటింట నిత్యము పలుకబడు 'చిల్డ్రెన్' మాత్రము నిలిచినది.