ఊఁ కొట్టేవాడు

ఐనవోలు మల్లన్న జాతర భోగితో మొదలై ఉగాది దాకా నడుస్తుంది. కాకతీయుల నాటి కీర్తితోరణాలున్న ఆ గుడిలో ఒగ్గు పూజారులు పట్నాలు వేస్తారు. బియ్యప్పిండి, పసుపు, కుంకుమ, ఆకుపచ్చ పొడి వేళ్ల సందున జారుతుంటే ముగ్గు నేలంతా పరుచుకుంటుంది. మేడలమ్మతో, గొల్ల కేతమ్మతో మల్లన్న లగ్గం దాని మీదనే. పూజారులు ఎక్కువగా కురుమలు, గొర్లు కాసి గొంగళ్లు నేసినవాళ్లు. లగ్గం చేయించేదీ వాళ్లే, ఆ దేవుడి కథ చెప్పేదీ వాళ్లే.

వాళ్లు చెప్పే ఒగ్గుకథలో అందరి కళ్లూ ప్రధాన కథకుడి మీదనే ఉంటాయి. చిన్ననాటి నుంచి నా చెవి మాత్రం పక్కనుండి ఊఁ కొట్టే వంత వైపే పోయేది. ‘ఆ తల్లి ఏమన్నది?’ అని కథకుడు ఆగుతాడు. ‘ఏమన్నదే?’ అని వంత అందుకుంటాడు. ఆ ఒక్క మాటతో కథకుడికి ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది, తర్వాతి చరణం నాలుక మీదికి వస్తుంది. వెనక వరుసలో సగమే విన్నవాళ్లకు మిగతా సగం అందుతుంది. కునుకు పట్టిన ముసలమ్మ లేచి కూర్చుంటుంది. మైకుల్లేని రోజుల్లో డోలు, తాళాల నడుమ ఎల్లమ్మ కథో బీరప్ప కథో తెల్లవార్లూ నడిచిందంటే, ఆ బరువులో సగం ఈ మనిషి మోసినదే.

తెలుగు పంతులుగా బతికినవాణ్ణి. క్రీడాభిరామం చెప్పినప్పుడల్లా ఒక పద్యం దగ్గర ఎక్కువసేపు ఆగేవాణ్ణి. ఆ కావ్యంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి మా ఓరుగల్లు వీధుల్లోనే తిరుగుతుంటారు. ఒక స్త్రీ వాద్యం వాయిస్తూ వీరుల కథను ద్విపదలో పాడుతుంటుంది. ఆమె పలికే ఒక్కో అక్షరానికీ కుర్రాళ్లు కేకలు పెడుతూ ఊగిపోతారు. పాటతో పాటు ఆ కేకల్నీ కవి పద్యంలోకి ఎక్కించాడు. వినేవాళ్ల గొంతు కూడా కథలో భాగమేనని అయిదారు వందల ఏళ్ల కిందటే గుర్తించిన కవి ఆయన.

కొరియాలో పాన్సోరి అనే కథాగానం ఉంది. గాయకుడొకరు, డోలు వాద్యకారుడొకరు. గంటల తరబడి సాగే ఆ పాటలో వాద్యకారుడు మధ్యమధ్య శభాష్ అన్నట్టు కేక వేసి గాయకుణ్ణి ముందుకు నెడతాడు. మొదటి స్థానం డోలుదే, గాయకుడిది రెండోదని అక్కడొక సామెత. 2003లో యునెస్కో ఆ కళను మానవాళి వారసత్వ కళాఖండంగా ప్రకటించింది. కొరియా సామెత సారం మన కురుమ పెద్దలకు ఎవరూ నేర్పకుండానే తెలుసు.

ఒగ్గు కథకుడు చుక్కా సత్తయ్య గారిని తలవకుండా ఈ మాట పూర్తి కాదు. 1935లో పుట్టిన ఆయనది లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురం. ఇప్పుడు జనగామ జిల్లా, 2016 దాకా మా వరంగల్ జిల్లాయే. ఆయన ఒగ్గుకథను గుడి ముంగిట నుంచి పట్టణాల వేదికల మీదికి నడిపించారు. పన్నెండు వేలకు పైగా ప్రదర్శనలు ఇచ్చారని చెబుతారు. 2014 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. 2017 నవంబరులో కన్నుమూశారు. వేదిక ఎక్కడం ఆ కళకు గౌరవమే తెచ్చింది, నాకందులో సందేహం లేదు.

నా బాధ వేరు. ఇప్పుడు ప్రభుత్వ ఉత్సవాల్లో, మంత్రుల స్వాగతాల్లో కనిపించేది ఒగ్గు డోలు. ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి డోళ్లు మోగించే ఆ విన్యాసం చూడముచ్చటే, దానితో కొన్ని ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది కూడా. కానీ పది నిమిషాల ఊరేగింపులో కథకు చోటు లేదు. కథే లేనప్పుడు ‘ఏమన్నదే?’ అని అడిగే మనిషికి పనేముంది? డోలు దెబ్బను కుర్రాళ్లు ఒక ఎండాకాలంలో నేర్చుకోగలరు. వంత పని అట్లా రాదు. కథకుడు ఎక్కడ తడబడతాడో, ఎక్కడ సాగదీస్తాడో తెలియాలంటే ఏళ్ల తరబడి ఆయన పక్కనే నిలబడాలి.

విశ్వవిద్యాలయాల పిల్లలు, ఫోన్లు పట్టుకున్న ఉత్సాహవంతులు ఐనవోలుకు వచ్చి కథలు రికార్డు చేస్తున్నారు, సంతోషం. వాళ్లకు నాదొక విన్నపం. రెండో మైకు వంత ముందర పెట్టండి. రాత్రి మొత్తం కోత లేకుండా ఎక్కించండి. పేర్లు రాసుకునేటప్పుడు కథకుడి పేరుతో పాటు వంత పేరూ, ఎవరి దగ్గర నేర్చాడో ఆ గురువు పేరూ, ఊరూ అడిగి రాసుకోండి.