పాలలాంటి నెత్తురు

మా పెద్దాడపడుచుని జలంత్రకోట ఇచ్చారు. ఉద్దానం అంటే ఉద్యానవనమే కదా! ఆ కొబ్బరి, జీడిమామిడి, పనసచెట్ల మధ్య ముప్ఫయ్యేళ్ళుగా కాపురం చేస్తూ మా వదిన కాస్త నిండుగానే తయారయింది. ఇంటికెవరొచ్చినా పలాస జీడిపప్పు పళ్ళెంలో పోసి ముందు పెడుతుంది, తోడుకి తానూ నాలుగు పలుకులు నోట్లో వేసుకుంటుంది. ఆ నాలుగూ నలభై కావడం ఆవిడ తప్పు కాదు, చుట్టాలది.

ఈమధ్య ఓ పెళ్ళిభోజనం చేసొచ్చిన మధ్యాహ్నమే ఊళ్ళో నెత్తురు పరీక్షలు చేస్తుంటే వదినా వెళ్ళింది. ఉద్దానంలో నెత్తురు పరీక్షంటే మూత్రపిండాల భయమే. ఆ జబ్బు అక్కడ ఎన్ని ఇళ్ళని ఏడిపించిందో! పరగడుపున రమ్మని ఎవరూ చెప్పలేదు. మూత్రపిండాలు బాగానే ఉన్నాయన్నారు గానీ, గాజుగొట్టంలో పైకి తేరిన ద్రవం లేత పసుపుగా ఉండాల్సింది పాలు కలిపినట్టు తెల్లగా ఉంది. "ఇంత లావుంటే మరేమవుతుంది!" అన్నారట ఎవరో. అంతే! వదిన రాత్రిభోజనం మానేసింది. నేను వెళ్ళేసరికి మంచమ్మీద ఉంది.

"నా నెత్తురు పాలైపోయిందేటే మరదలా!" అని ఒకటే గోల.

అప్పుడు నాకో కుక్క కథ గుర్తొచ్చింది.

1622లో ఇటలీలో గాస్పరే అసెల్లీ అనే వైద్యుడు ఓ కుక్క పొట్ట కోసి చూస్తే పేగుల చుట్టూ తెల్లటి దారాలు కనిపించాయి. నరాలనుకున్నాడు. ఒకదాన్ని కోస్తే పాలలాంటి ద్రవం చిమ్మింది! సంబరపడి మరో కుక్కలో వెదికితే ఒక్క దారమూ లేదు. ఆలోచించగా తేలిందేమిటంటే, మొదటి కుక్క సుష్టుగా తిన్నది, రెండోది పస్తున్నది. అంటే ఆ తెలుపు కొవ్వుదన్నమాట. ఆ కొవ్వు ముందు కాలేయానికి వెళ్ళదనీ, రొమ్ములోని గొట్టం గుండా మెడదగ్గర పెద్ద సిరల్లో కలుస్తుందనీ ఫ్రాన్సులో పెకే 1651లో చూపించాడు. నెత్తుట్లో తేలే ఆ కొవ్వు బిందువులకి కైలోమైక్రాన్లని అమెరికాలో గేజ్ పేరుపెట్టాడు.

"కాబట్టి వదినా, భోజనం చేశాక ఎవరి నెత్తుట్లోనైనా కొవ్వు పెరుగుతుంది. మూడు నాలుగ్గంటలకి బాగా ఎక్కువై, తర్వాత తగ్గిపోతుంది."

"మరి పక్కింటావిడా అదే పెళ్ళిలో తింది. ఆవిడది పసుపుగానే ఉందే?"

అసలు ప్రశ్న అదీ! రక్తనాళాల గోడల్లో ఓ ఎంజైమ్ ఉంటుంది. లైపోప్రోటీన్ లైపేజ్ అని దానికి 1955లో పేరొచ్చింది. కొవ్వుని విరగ్గొట్టి కండకీ, కొవ్వు కణాలకీ అందించేది అదే. ఇన్సులిన్ మాట ఒళ్ళు సరిగ్గా విననప్పుడు ఆ పని మందగిస్తుంది, కాలేయం తనవంతుగా మరికాస్త కొవ్వు వదుల్తుంది. లావు కన్నా అది ఎక్కడుందన్నదే ముఖ్యమని మార్సేల్స్ వైద్యుడు జాన్ వాగ్ 1947లోనే గమనించాడు. తుంటి, తొడల కొవ్వు కాస్త నెమ్మదస్తురాలు, పొట్టకొవ్వే గయ్యాళి. ముట్లుడిగాక ఆడవాళ్ళకి కొవ్వు పొట్టకే చేరడం మొదలవుతుంది. మధుమేహం, థైరాయిడ్ లోపం, తీపిపదార్థాలు, గుట్టలకొద్దీ తెల్లన్నం కూడా ఇందులో వాటాదార్లే. జీడిపప్పులో నూటికి 45 పాళ్ళు కొవ్వే అయినా, ఎక్కువభాగం మంచిజాతిదే. నేరమంతా దానిమీద తోసేస్తే అన్యాయం.

అలాగని నవ్వి వదిలేసే సంగతీ కాదు. అమెరికాలో 26 వేలమందికి పైగా స్త్రీలని ఏళ్ళతరబడి గమనించి 2007లో ఓ ఫలితం ప్రకటించారు. పరగడుపు అంకె కన్నా, తిన్న రెండు నుంచి నాలుగ్గంటల్లో తీసిన ట్రైగ్లిజరైడ్ల అంకే గుండెజబ్బుని బాగా సూచించిందట. అంకె 1000 దాటితే క్లోమం వాచే ప్రమాదమూ ఉంది.

మర్నాటికి వదిన్ని పన్నెండు గంటలు పస్తుంచి పట్నం తీసుకెళ్ళాను. తెలుపు పోయింది గానీ, 150 లోపుండాల్సిన అంకె 210 ఉంది. "పస్తులొద్దమ్మా, నడవండి. ఇవాళ నడిచిన నడక రేపటి భోజనంలో కొవ్వుని కూడా తగ్గిస్తుంది" అన్నారు డాక్టరుగారు.

ఇప్పుడు రోజూ సాయంత్రం వదిన తోటలవెంట నడుస్తోంది. నేను బయల్దేరేరోజున జీడిపప్పులు పదంటే పది లెక్కపెట్టి నా చేతిలో పోసి అడిగింది:

"నీ నెత్తురెప్పుడైనా చూపించుకున్నావేటే?"

సన్నగా ఉన్నాను కదా అని నేనింతవరకూ చూపించుకోలేదు!